ఫైర్‌ఫాక్స్ వెనుకబడటంలో మొజిల్లా యాజమాన్య నిర్ణయాల పాత్ర ఎంత?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉన్నప్పుడు, దాన్ని తయారుచేసే మొజిల్లా యాజమాన్యం పొరపాట్లు చేసినా వాడుకరులూ స్వచ్ఛంద కార్యకర్తలూ కలిసి దాన్ని ఎందుకు నిలబెట్టుకోలేకపోయారన్నది మొదటిది. సీఈఓ జీతాన్ని కూడా ప్రస్తావిస్తూ, ఈ వెనుకబాటుకు అసలు కారణం యాజమాన్యమా, గూగుల్ బలమా అని అడిగినది రెండవది. మీరు పంపదలచుకున్న విరాళం బ్రౌజరుకు చేరుతుందా అన్నది మూడవది. నేను హైదరాబాదులో రెండు దశాబ్దాలకు పైగా వెబ్ అప్లికేషన్లు తయారుచేస్తున్నాను, మధ్యలో కొన్నేళ్లు ఫైర్‌ఫాక్స్ తెలుగు అనువాదంలో స్వచ్ఛందంగా పనిచేశాను. ఆ రెండు చోట్ల నుంచీ చూసినంత మేరకు, కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

ఓపెన్ సోర్స్ లైసెన్సు మనకు కోడ్ చదివే హక్కును, మార్చుకునే హక్కును, మార్చినదాన్ని పంచుకునే హక్కును ఇస్తుంది. రేపు ఉదయం ఏ ఇంజనీరు ఏ పనిమీద కూర్చోవాలన్నది మాత్రం ఏ లైసెన్సులోనూ ఉండదు, దాన్ని జీతం ఇచ్చేవారే నిర్ణయిస్తారు. చిన్న ప్రోగ్రాముల విషయంలో ఈ తేడా పెద్దగా కనిపించదు, ఎందుకంటే అసలు రచయిత వదిలేసినా ఇద్దరు ముగ్గురు సమర్థులు సాయంత్రాల్లో కూర్చొని దాన్ని నడిపించగలరు. బ్రౌజరు ఇంజిన్, అంటే వెబ్ పేజీ కోడ్‌ను చదివి తెర మీద చూపే భాగం, అలాంటిది కాదు. కోట్ల పంక్తుల కోడ్, నెలనెలా మారే వెబ్ ప్రమాణాలు, ప్రతి వారం బయటపడే భద్రతా లోపాలు, విండోస్ నుంచి ఆండ్రాయిడ్ వరకు అన్ని వేదికల మీదా పరీక్షలు, ఇవన్నీ పూర్తికాలం పనిచేసే వందల మందిని కోరతాయి. ఒపెరా సంస్థ 2013లో తన సొంత ఇంజిన్ ప్రెస్టోను వదులుకుంది. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థ కూడా 2018 డిసెంబరులో తన ఎడ్జ్ ఇంజిన్‌ను పక్కనపెట్టి, గూగుల్ వారి క్రోమియం మీదికి మారుతున్నామని ప్రకటించింది. ఫైర్‌ఫాక్స్ కోడ్ నుంచి పుట్టిన వాటర్‌ఫాక్స్, లిబ్రేవుల్ఫ్ వంటి బ్రౌజర్లు మంచివే, కానీ వాటి భద్రతా సవరణలు చాలావరకు మొజిల్లా ఇంజనీర్లు రాసినవే కాబట్టి మొజిల్లా ఆగిపోతే అవీ ఎక్కువకాలం నడవలేవు.

అందువల్ల ఒక యాజమాన్య నిర్ణయం బ్రౌజరును ఎంత ప్రభావితం చేసిందో తేల్చడానికి నేను ఒకే కొలమానం వాడతాను. ఆ నిర్ణయం ఎంతమంది ఇంజనీర్లను దేని మీద కూర్చోబెట్టింది, దేని మీద నుంచి లేపింది అని చూస్తాను. ఆ ఫలితం వెంటనే కనబడదు, నాలుగైదేళ్ల తరువాత కనబడుతుంది. పత్రికల్లో పెద్ద గొడవ రేపిన నిర్ణయాలలో చాలా వాటికి బ్రౌజరు మీద పడిన ప్రభావం స్వల్పం, ఎవరూ పట్టించుకోని ఒకటి రెండు నిర్ణయాల ప్రభావం మాత్రం పెద్దది.

ఈ కథ ఫైర్‌ఫాక్స్ కంటే ముందే మొదలైంది. నెట్‌స్కేప్ సంస్థ 1998 మార్చి 31న తన బ్రౌజరు కోడ్‌ను బయటపెట్టింది, ఆ కోడ్ మీద సాగిన ప్రాజెక్టు పేరే మొజిల్లా. అదే ఏడాది శరదృతువులో పాత కోడ్‌ను సరిదిద్దే దారి వదిలేసి, గెకో అనే కొత్త ఇంజిన్ మీద బ్రౌజరును మళ్లీ మొదటి నుంచి కట్టాలని నిర్ణయించారు. ఆలోగా నెట్‌స్కేప్‌ను ఏఓఎల్ అనే ఇంటర్‌నెట్ సంస్థ కొనేసింది. 2000 నవంబరులో విడుదలైన నెట్‌స్కేప్ 6 పచ్చిగా ఉండగానే బయటికి వచ్చింది, మొజిల్లా 1.0 రావడానికి 2002 జూన్ పట్టింది, ఈ మధ్యలో ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ మార్కెట్టంతా తనదిగా చేసుకుంది. అయితే ఫైర్‌ఫాక్స్ నిలబడింది ఆ గెకో ఇంజిన్ మీదనే కనుక, నాలుగేళ్ల మౌనానికి కారణమైన నిర్ణయమే తరువాతి విజయానికి పునాది వేసిందని కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో జరిగిన అత్యుత్తమమైన పని మాత్రం పైనుంచి వచ్చింది కాదు. మెయిల్, ఎడిటర్, చాట్ అన్నీ కుక్కిన మొజిల్లా సూట్ బరువు చూసి విసుగెత్తిన బ్లేక్ రాస్, డేవ్ హయట్, జో హ్యూవిట్ వంటి కొద్దిమంది, బ్రౌజరు ఒక్కటే ఉండే తేలికపాటి ప్రయోగం మొదలుపెట్టారు. 2002 సెప్టెంబరులో ఫీనిక్స్ పేరుతో వచ్చినది అదే. దాన్ని అడ్డుకోకుండా, కొన్నాళ్లకు ప్రధాన ఉత్పత్తిగా అంగీకరించడమే నాటి నాయకత్వం చేసిన గొప్ప పని. ఏఓఎల్ చేతులు దులుపుకున్నప్పుడు, 2003 జులైలో మొజిల్లా ఫౌండేషన్ ఏర్పడింది. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 విడుదలైంది. ఆ డిసెంబరులో వేలాది అభిమానులు చందాలు వేసుకొని న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన వేయించారు. ఒక బ్రౌజరు కోసం జనం తమ జేబులోంచి డబ్బు తీసి ప్రకటన ఇవ్వడం అంతకుముందు నేను ఎరుగను.

ఫైర్‌ఫాక్స్ ఎదుగుదల వెనుక ఇంకో నిర్ణయం ఉంది. బ్రౌజరులోని వెతుకుపెట్టెకు గూగుల్‌ను డిఫాల్ట్‌గా పెట్టి, దానికి ప్రతిఫలంగా ఆదాయంలో వాటా తీసుకోవడం అప్పుడే మొదలైంది. ఆ సొమ్ము లాభాపేక్ష లేని సంస్థ నిబంధనల్లో ఇమడదు కాబట్టి, 2005 ఆగస్టులో ఫౌండేషన్ తన పూర్తి యాజమాన్యంలో మొజిల్లా కార్పొరేషన్ అనే సంస్థను పెట్టింది. ఇంజనీర్లకు మంచి జీతాలు ఇవ్వగలగడం, పలు దేశాల్లో ఆఫీసులు తెరవగలగడం, 2009 చివరికి బ్రౌజర్ల వాడకాన్ని కొలిచే స్టాట్‌కౌంటర్ లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా ముప్పై శాతం దాటగలగడం, అన్నీ ఆ డబ్బుతో సాధ్యమయ్యాయి. ఆ డబ్బు ఇస్తున్న సంస్థే 2008 సెప్టెంబరు 2న క్రోమ్‌ను విడుదల చేసి ఎదురుపడింది.

ఇక్కడి నుంచే మీ ప్రశ్నకు అసలు జవాబు మొదలవుతుంది, కాబట్టి కొంచెం సాంకేతికంగా రాస్తున్నందుకు ఓపిక పట్టండి. క్రోమ్ మొదటి రోజు నుంచీ ట్యాబులను వేరువేరు ప్రాసెస్‌లలో నడిపింది. ఒక పేజీ స్తంభించినా, కుప్పకూలినా ఆ పేజీ వరకే నష్టం. ఫైర్‌ఫాక్స్‌లో అన్ని ట్యాబులూ, మెనూలూ, బటన్లూ ఒకే ప్రాసెస్‌లో ఉండేవి. రైల్వే టికెట్ పేజీ ఒకటి జావాస్క్రిప్ట్ భారంతో మొరాయిస్తే, దాని పక్కన సగం రాసిపెట్టిన ఈమెయిల్ కూడా తెల్లబోయి ఉండిపోయేది, కనీసం ఆ ట్యాబును మూయడానికి నొక్కే గుర్తు కూడా స్పందించేది కాదు. మొజిల్లా ఇంజనీర్లు దీన్ని వెంటనే గుర్తించారు. 2009లోనే ఎలక్ట్రోలిసిస్ అనే పేరుతో బ్రౌజరును ప్రాసెస్‌లుగా విడగొట్టే పని మొదలుపెట్టారు. ఫ్లాష్ వంటి ప్లగిన్లను వేరుచేయడం వరకు త్వరగానే సాధించారు. పేజీలను వేరుచేయడం దగ్గర చిక్కు వచ్చింది. ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్లు, అంటే బ్రౌజరుకు అదనపు సదుపాయాలు చేర్చే చిన్న ప్రోగ్రాములు, బ్రౌజరు అంతర్భాగాల్లోకి నేరుగా చెయ్యి పెట్టే స్వేచ్ఛ మీద కట్టినవి. యాడ్-ఆన్ ఒక ప్రాసెస్‌లోనూ, పేజీ మరో ప్రాసెస్‌లోనూ ఉంటే ఆ చెయ్యి అందదు. వేలాది యాడ్-ఆన్లు పనిచేయడం మానేస్తాయి. ఈ పని చాలా పెద్దదనీ, ఇంతకంటే తక్కువ శ్రమతో బ్రౌజరు వేగాన్ని మెరుగుపరిచే చిన్న పనులు ఎన్నో ఉన్నాయనీ లెక్కవేసి, 2011 నవంబరులో ఎలక్ట్రోలిసిస్‌ను పక్కనపెడుతున్నట్టు ప్రకటించారు. యాదృచ్ఛికమే కావచ్చు, స్టాట్‌కౌంటర్ లెక్కల్లో క్రోమ్ ప్రపంచవ్యాప్తంగా ఫైర్‌ఫాక్స్‌ను దాటింది కూడా ఆ నవంబరులోనే.

ఆ రోజు ఆ గదిలో నేనుంటే నేనూ చేయెత్తి ఉండేవాడినేమో, ఎందుకంటే ఆ తర్కంలో తప్పు వెతకడం కష్టం. చిన్న సవరణలు నిజంగానే ఫలించాయి, మెమరీ వాడకం బాగా తగ్గింది. కానీ పని మళ్లీ మొదలై, చివరికి సామాన్య వాడుకరులకు చేరింది 2016 ఆగస్టులో, ఫైర్‌ఫాక్స్ 48తో. క్రోమ్ వచ్చిన ఎనిమిదేళ్లకన్నమాట. అనువాద పనిలో ఉన్నవారికి ఇది మరో రకంగా తెలిసింది. మా వంతుకు వచ్చిన వాక్యాలలో ‘మీ ట్యాబు క్రాష్ అయింది’ అనే అర్థం వచ్చేది ఒకటి కొత్తగా కనబడింది. అంతకుముందు అలాంటి వాక్యం అక్కరలేకపోయింది, బ్రౌజరు మొత్తం పడిపోవడమే తప్ప ట్యాబు ఒక్కటే పడిపోవడమనేది అసలు లేదు కనుక. ‘క్రాష్’ను తెలుగులో ఎలా చెప్పాలని వాదించుకుంటూ కూర్చున్నప్పుడు, ఈ ఒక్క వాక్యం రావడానికి ఎన్నేళ్లు పట్టిందో నాకు స్ఫురించింది.

ఆ ఎనిమిదేళ్లలో ఇంజనీర్లు మరెక్కడ ఉన్నారన్నది తరువాతి ప్రశ్న. చాలామంది ఫోన్లను నడిపే ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అనే వ్యవస్థ మీద ఉన్నారు. 2011 జులైలో బూట్ టు గెకో అనే పేరుతో మొదలైన ఆ ప్రాజెక్టు లక్ష్యం ఉదాత్తమైనది. మొబైల్ ప్రపంచం ఆండ్రాయిడ్, ఐఫోన్ల మధ్య పంచుకోబడితే వెబ్ స్వతంత్రత పోతుందనీ, పూర్తిగా వెబ్ సాంకేతికత మీదనే నడిచే చవక ఫోన్ ఒకటి ఉండాలనీ వారి ఆలోచన. ఆ భయం అక్షరాలా నిజమైంది కూడా. 2013లో స్పెయిన్‌లో తొలి ఫోన్లు అమ్మకానికి వచ్చాయి. 2014 ఆగస్టులో మన దేశంలో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ 1,999 రూపాయలకు, స్పైస్ వారి ఫోన్ 2,299 రూపాయలకు వచ్చాయి. ఇంటెక్స్ ఫోనులో ర్యామ్ 128 ఎంబీ. గెకో వంటి పూర్తి బ్రౌజరు ఇంజిన్‌ను, దాని మీద ఫోన్, కెమెరా, సందేశాలు అన్నింటినీ ఆ కాస్త జాగాలో నడపాలి. పైగా అప్పటికే మన ఊళ్లలో స్మార్ట్‌ఫోన్ కొనడమంటే వాట్సాప్ కోసం కొనడమే అయింది, ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌కు అధికారిక వాట్సాప్ లేదు. 2015 డిసెంబరులో ఫోన్ల అమ్మకాన్ని ఆపేస్తున్నామని మొజిల్లా ప్రకటించింది.

ఆ తరువాతి అధ్యాయం మనకు దగ్గరిది. ఆ కోడ్ ఓపెన్ సోర్స్ కాబట్టి చచ్చిపోలేదు. దాన్ని తీసుకొని కైఓఎస్ అనే సంస్థ తన వ్యవస్థను కట్టింది, 2017లో వచ్చిన జియోఫోన్ నడిచేది దాని మీదనే. 1,500 రూపాయల డిపాజిట్‌తో లక్షలాది ఇళ్లకు చేరిన ఆ మీటల ఫోనులో, మా పెద్దమ్మగారి చేతిలో పాటలు వినిపించిన ఆ చిన్న పరికరంలో, నడుస్తున్నది మొజిల్లా ఇంజనీర్లు రాసిన గెకోయే. 2018 సెప్టెంబరులో దానికి వాట్సాప్ కూడా వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందు కైఓఎస్‌లో రెండు కోట్ల ఇరవై లక్షల డాలర్ల పెట్టుబడి పెట్టింది గూగుల్. కోడ్ యాజమాన్య నిర్ణయాన్ని దాటి బతకగలదన్న దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అదే సమయంలో ఆ కోడ్ బతికినందువల్ల ఫైర్‌ఫాక్స్‌కు ఒక్క వాడుకరి గానీ ఒక్క ఇంజనీరు గానీ తిరిగి రాలేదన్నదీ నిజం. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ మొదలుపెట్టడం తప్పని నేను అనను. కంప్యూటర్ బ్రౌజరు కుంటుతున్న ఏళ్లలో, ఎలక్ట్రోలిసిస్‌ను ఆపి మరీ, రెండు యుద్ధాలు ఒకేసారి చేయడానికి పూనుకోవడం తప్పు.

2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57, అంటే క్వాంటమ్, నా దృష్టిలో మొజిల్లా యాజమాన్యం తీసుకున్న నిర్ణయాలలో అన్నిటికంటే ధైర్యమైనది. మొజిల్లా పోషణలో పెరిగిన రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, సర్వో అనే ప్రయోగాత్మక ఇంజిన్ కోసం రాసిన, పేజీ రూపురేఖలను లెక్కించే స్టైలో అనే స్టైల్ విభాగాన్ని తీసుకొచ్చి గెకోలో అమర్చారు. ఆ విభాగం ప్రాసెసర్‌లోని అన్ని కోర్‌లనూ ఒకేసారి వాడుకోగలదు. నడుస్తున్న బండికి ఇంజిన్ భాగం మార్చినట్టు ఆ పని జరిగింది. బ్రౌజరు తేడా మొదటి రోజే తెలిసింది. దానికి చెల్లించిన మూల్యం పాత యాడ్-ఆన్లు. వాటికి బదులు క్రోమ్ తరహా వెబ్‌ఎక్స్‌టెన్షన్స్ పద్ధతి తెస్తున్నామని 2015లోనే చెప్పినా, ఏళ్ల తరబడి వాటిని పెంచుకున్న రచయితలలో చాలామంది కొత్త పద్ధతిలో తిరిగి రాయలేక వదిలేశారు. ఫైర్‌ఫాక్స్‌ను బంధుమిత్రుల కంప్యూటర్లన్నిటిలో పెట్టించినవాళ్లు కూడా వాళ్లే. ఆ నిర్ణయం తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను, కానీ వాటా ముప్పై శాతం ఉన్న 2011లో అదే మూల్యం చెల్లించి ఉంటే ఆ రచయితలకు తిరిగి రాయడానికి ఒక కారణం ఉండేది. 2017 నాటికి ఆ కారణం బలహీనపడింది.

అంత కష్టపడి సాధించుకున్న సాంకేతిక బలాన్ని 2020లో చేతులారా వదులుకోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ జనవరిలో సుమారు 70 మందిని, ఆగస్టులో సుమారు 250 మందిని మొజిల్లా తొలగించింది. ఆగస్టు తొలగింపులో సర్వో బృందమూ పోయింది. సర్వో ప్రాజెక్టు ఆ నవంబరులో లైనక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది. రస్ట్ 2021 ఫిబ్రవరిలో సొంత ఫౌండేషన్ ఏర్పరచుకుంది, దాని వ్యవస్థాపక సభ్యులలో మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్ ఉన్నాయి. 2023 నుంచి ఇగాలియా అనే సంస్థ ఇంజనీర్లు సర్వోను మళ్లీ ముందుకు తీసుకెళ్తున్నారు. కరోనా కాలపు ఆదాయ భయాలు నిజమైనవే, కొందరిని తగ్గించక తప్పలేదేమో కూడా. కానీ ప్రయోగశాలనే మూసేస్తే, ఐదేళ్ల తరువాత గెకోలో అమర్చుకోవడానికి కొత్త భాగం ఎక్కడి నుంచి వస్తుంది? స్టైలో, వెబ్‌రెండర్ వంటి భాగాలు అక్కడి నుంచే వచ్చాయి.

జీతాల సంగతి కూడా మీరు ప్రస్తావించారు. సంస్థ పన్ను పత్రాల ప్రకారం అప్పటి సీఈఓ మిచెల్ బేకర్‌కు 2022లో ముట్టిన మొత్తం సుమారు 69 లక్షల డాలర్లు. ఆమె మొదటి నుంచీ మొజిల్లాను నిలబెట్టినవారిలో ఒకరు, మొజిల్లా లైసెన్సును రాసినవారు, ఆ సేవను నేను తక్కువ చేయను. ఆ ఏడాది మొజిల్లా ఆదాయం 59 కోట్ల డాలర్లకు పైనే కాబట్టి ఆ జీతం వల్ల బ్రౌజరు వెనుకబడిందనడం లెక్కకు నిలవదు. దెబ్బ తగిలింది మరోచోట. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక కూర్చొని, బుక్‌మార్కును ‘ఇష్టాంశం’ అనాలా అలాగే ఉంచాలా అని తర్జనభర్జన పడే స్వచ్ఛంద అనువాదకుడికి, వాటా పడిపోతూ ఇంజనీర్లు పోతున్న ఏళ్లలో పై జీతం పెరగడం చూస్తే తన గంటకు విలువ ఏమిటన్న ప్రశ్న పుడుతుంది. అలాంటి ప్రశ్న పుట్టిన చాలామంది ఎవరితోనూ పోట్లాడరు, మరుసటి వారం నుంచి రావడం మానేస్తారు, అంతే.

పెద్ద గొడవ రేపిన మిగతావాటిని క్లుప్తంగా చెబుతాను. 2017 డిసెంబరులో ఒక టీవీ ధారావాహిక ప్రచారం కోసం లుకింగ్ గ్లాస్ అనే యాడ్-ఆన్‌ను వాడుకరులకు చెప్పకుండా పంపడం, 2015లో బ్రౌజరులో ఇమిడ్చి 2017లో కొనుక్కున్న, వ్యాసాలను తరువాత చదవడానికి దాచుకునే పాకెట్ సేవను 2025 జులైలో మూసేయడం, 2025 ఫిబ్రవరిలో వాడుక నిబంధనలను అస్పష్టంగా రాసి రెండు మూడు రోజుల్లో సవరించుకోవడం, ఇవన్నీ నమ్మకాన్ని తగ్గించాయి. ప్రతిదీ దిద్దుకోదగినదే. కానీ వ్యక్తిగత గోప్యతే తన గుర్తింపుగా చెప్పుకునే బ్రౌజరు చేసినప్పుడు, ఇతరులు చేసినదానికంటే పది రెట్లు ఎక్కువ లెక్కకు వస్తుంది.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వస్తాను. పైన రాసిన పొరపాట్లన్నీ జరగకపోయినా ఫైర్‌ఫాక్స్ తన ముప్పై శాతాన్ని నిలుపుకునేదా అంటే, నేను కాదనే అంటాను. ప్రపంచంలో అత్యధికులు తెరిచే గూగుల్ పేజీ మీద క్రోమ్‌కు ఉచితంగా ప్రకటన ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో క్రోమ్ ముందే కూర్చొని వస్తుంది. మన తెలుగువాళ్లలో చాలామందికి తొలి కంప్యూటరు ఆ ఫోనే, బ్రౌజరును ఎంచుకోవచ్చన్న సంగతి కూడా వారికి ఎవరూ చెప్పలేదు. ఐఫోన్‌లో యాపిల్ తన సొంత వెబ్‌కిట్ తప్ప మరో ఇంజిన్‌ను ఏళ్ల తరబడి రానివ్వలేదు, ఐరోపా చట్టం వల్ల 2024లో అక్కడ మాత్రం తలుపు కాస్త తెరుచుకుంది. ఈ రోజు అన్ని పరికరాలూ కలిపితే ఫైర్‌ఫాక్స్ వాటా మూడు శాతం లోపే. ఆ పతనంలో పెద్ద భాగం మొబైల్ వల్లనే. కంప్యూటర్ల మీద జరిగిన నష్టంలో మాత్రం యాజమాన్య నిర్ణయాల వాటా గణనీయమని నా అభిప్రాయం.

వాటా తగ్గితే ఏమవుతుందో నేను పనిచేసిన ఒక సంస్థలో కళ్లారా చూశాను. మా పరీక్షల పట్టికలో ఒక్కో బ్రౌజరుకు ఒక నిలువు గడి ఉండేది. 2019లో ఖర్చు తగ్గించాలన్న సమావేశంలో ఫైర్‌ఫాక్స్ గడిని తీసేశారు, వాడేవాళ్లు తక్కువన్నది కారణం. ఆ తరువాత తయారైన ఒక దరఖాస్తులో నెలను ఎంచుకోవడానికి క్రోమ్‌లో సిద్ధంగా ఉన్న నెల పెట్టెను వాడాం. కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లో అప్పటికి ఆ సదుపాయం లేదు, అక్కడ అది మామూలు రాతపెట్టెగా కనిపించేది. ఒక వాడుకరి అందులో శుద్ధమైన తెలుగులో ‘మార్చి 2019’ అని రాశారు, సర్వరు దాన్ని తప్పుగా భావించి తిప్పికొట్టింది, ఆయన మూడుసార్లు ప్రయత్నించి మాకు ఫోను చేశారు. మావాళ్లు ఇచ్చిన సలహా ‘క్రోమ్‌లో తెరవండి’ అన్నదే. ఆ నెల ఇంకొకరు ఫైర్‌ఫాక్స్‌ను వదిలారు. ఇలాంటి చిన్న సమావేశాలు లోకమంతా వేల ఆఫీసుల్లో జరుగుతాయి. మొజిల్లా 2011లో చేసిన లెక్క 2019లో మా పట్టికలో ఒక గడిని చెరిపేసిందని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక డబ్బు సంగతి. గూగుల్ మీద ఆధారపడటం తగ్గించుకోవాలని 2014 నవంబరులో మొజిల్లా అమెరికాలో యాహూను డిఫాల్ట్‌గా పెట్టి ఐదేళ్ల ఒప్పందం చేసుకుంది. సొమ్ముపరంగా లాభమైన ఒప్పందమే, కానీ వాడుకరులు మళ్లీ గూగుల్‌కే మారారు, 2017లో మొజిల్లా దాన్ని రద్దుచేసుకొని గూగుల్ దగ్గరికే తిరిగి వెళ్లింది. గూగుల్ మీద అమెరికాలో నడిచిన గుత్తాధిపత్య కేసులో న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో గూగుల్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారు. శిక్షల విచారణలో 2025 మేలో మొజిల్లా ఆర్థిక అధికారి ఎరిక్ మ్యూల్‌హైమ్ సాక్ష్యమిస్తూ, సంస్థ ఆదాయంలో సుమారు తొంభై శాతం ఫైర్‌ఫాక్స్ నుంచి వస్తుందనీ, అందులో ఎనభై ఐదు శాతం గూగుల్ ఒప్పందానిదేననీ చెప్పారు. గుత్తాధిపత్యాన్ని అరికట్టడానికి అలాంటి చెల్లింపులను ఆపితే, ఆ శిక్ష గూగుల్‌కు పోటీగా నిలబడ్డ బ్రౌజరునే చంపేసే పరిస్థితి. 2025 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రత్యేక హక్కు ఒప్పందాలను నిషేధించినా చెల్లింపులను నిషేధించలేదు కాబట్టి ఆ గండం అప్పటికి తప్పింది. ఇరవై ఏళ్ల మంచి ఆదాయంలో, గూగుల్ సొమ్ము ఆగిన రోజున ఇంజిన్‌ను నడిపించే నిధిని ఇంకా గట్టిగా కూడబెట్టి ఉండాల్సింది. పాకెట్, వీపీఎన్ వంటి పక్క వ్యాపారాలు ఆ పని చేయలేకపోయాయి.

మూడవది మీ విరాళం. మొజిల్లా ఫౌండేషన్‌కు ఇచ్చే విరాళం దాని ప్రచార, విద్యా కార్యక్రమాలకు వెళుతుంది. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసేది కార్పొరేషన్, దాని ఖర్చులు వెతుకు ఒప్పందాల ఆదాయం నుంచి నడుస్తాయి. కాబట్టి గెకో ఇంజనీరు జీతంలోకి మీ వెయ్యి రూపాయలు చేరాలని మీ ఉద్దేశమైతే, ఆ దారి లేదు. ఇది కూడా ఒక యాజమాన్య నిర్ణయమే. దీనికి భిన్నంగా జరిగింది మొజిల్లా వారి మెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్ విషయంలో. 2012లో మొజిల్లా దాని మీద పని దాదాపు ఆపేసింది. 2020లో దానికి ప్రత్యేకంగా ఎంజెడ్ఎల్ఏ అనే అనుబంధ సంస్థ పెట్టి, వాడుకరుల విరాళాలు నేరుగా ఆ మెయిల్ ప్రోగ్రాముకే ఖర్చయ్యేలా చేశారు. 2022లో వచ్చిన విరాళాలు 64 లక్షల డాలర్లు దాటాయి, దాంతో కొత్త ఇంజనీర్లను తీసుకున్నారు. బ్రౌజరు ఖర్చు దీనికి ఎన్నో రెట్లు కాబట్టి విరాళాలతోనే ఫైర్‌ఫాక్స్ నడవదు. కానీ సర్వో వంటి ఒక బృందాన్ని నిలుపుకోవడానికి అలాంటి దారి తెరిచి ఉంటే సరిపోయేదని నేను అనుకుంటాను. ఇప్పుడు సర్వో ప్రాజెక్టుకు నేరుగా విరాళం ఇవ్వవచ్చు, నేను నెలనెలా కొంత పంపుతున్నాను.

డబ్బు కాకుండా మీ సమయం ఇవ్వగలిగితే దానికి విలువ ఎక్కువ. ఏదైనా తెలుగు వెబ్‌సైటు ఫైర్‌ఫాక్స్‌లో సరిగా తెరుచుకోకపోతే బ్రౌజరు మెనూలో ఉన్న ‘సైటు సమస్యను నివేదించండి’ అనే అర్థం గల అంశాన్ని నొక్కి, ఏ పేజీలో ఏం జరిగిందో రెండు వాక్యాల్లో రాసి పంపండి. అవి చదివే బృందం ఒకటి మొజిల్లాలో ఉంది. అలాగే పాంటూన్ అనే అనువాద వేదికలో తెలుగు విభాగం తెరిచి చూడండి. అనువాదం కోసం ఎదురుచూస్తున్న వాక్యాలు అక్కడ ఎప్పుడూ ఉంటాయి. ఖాతా తెరుచుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మొదటి వాక్యాల దగ్గర సందేహం వస్తే ఇక్కడే అడగండి, నేను చూసి చెబుతాను.